ఏడో ఏట మొదలుపెట్టిన థెరపీ: మావాడితో నా అనుభవం

సంక్రాంతి సెలవులకు ఇంకా నాలుగు రోజులుంది. మధ్యాహ్నం స్కూలు నుంచి ఫోన్ వచ్చింది. "మీరొకసారి రండమ్మా, బాబును తీసుకెళ్లాలి" అన్నారు. ఆటో దిగి పరుగున వెళ్తే మావాడు ఆఫీసు రూము బయట నేల మీద కూర్చుని ఉన్నాడు. కుడిచేతి బొటనవేలి కింద పళ్ల గాట్లు ఎర్రగా కమిలి ఉన్నాయి. ఎవరో కొరికినవి కాదు, వాడే కొరుక్కున్నాడు. లోపల మేడమ్ నెమ్మదిగానే మాట్లాడారు కానీ చెప్పింది ఒకటే మాట. మిగతా పిల్లల తల్లిదండ్రులు ఊరుకోవడం లేదు, టీసీ తీసుకుని ఇలాంటి పిల్లల స్కూల్లో వేసుకోండి అని. వాడికి అప్పటికి ఆరేళ్ల తొమ్మిది నెలలు. ఒకటో తరగతి.

మాది తిరుపతి, కొర్లగుంట వైపు. మా ఆయన ఆర్టీసీలో కండక్టరు. ఒక వారం తెల్లవారుజాము డ్యూటీ, ఒక వారం రాత్రి డ్యూటీ. ఇంట్లో ఎప్పుడూ ఉండేది నేను, అత్తమ్మ, మావాడు. మావాడికి ఆటిజం, అంటే మాటల్లో, నలుగురితో మెలగడంలో ఎదుగుదల వేరుగా ఉండటం. ఆ మాట మాకు కొత్త కాదు. మూడున్నరేళ్లకు కూడా మాటలు రాకపోతే ముందు చెవి పరీక్ష చేయించాం. వినికిడి బాగానే ఉందని తేలాక వేలూరు సీఎంసీ ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఆ మాట మొదట విన్నది అక్కడే. తిరిగి వచ్చేటప్పుడు చిత్తూరు దాటేదాకా నేనూ మా ఆయనా ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఆ తర్వాత స్పీచ్ థెరపీ మొదలుపెట్టాం. నలభై దాకా పదాలు వచ్చాయి. బస్సుల పేర్లయితే వాళ్ల నాయన కంటే ముందు చెప్పేస్తాడు, సప్తగిరి, అల్ట్రా డీలక్స్ అని. కానీ 'నాకిది వద్దు' అని చెప్పడం రాలేదు. మేము దాన్ని పట్టించుకోలేదు కూడా. మాటలు వస్తే అవే అన్నీ తెస్తాయనుకున్నాం.

స్కూలు నుంచి వచ్చిన రాత్రి నిద్ర పట్టక ఫోన్లో చదువుతూ కూర్చున్నాను. బిహేవియర్ థెరపీ, అంటే పిల్లల ప్రవర్తనకు కారణం చూసి కొత్త అలవాట్లు నేర్పే పద్ధతి. దాని గురించి ఎక్కడ చదివినా ఒక పేరు వస్తోంది. అమెరికాలో లోవాస్ అనే సైకాలజిస్టు 1987లో ప్రచురించిన అధ్యయనం. అందులో 19 మంది పిల్లలకు వారానికి 40 గంటల లెక్కన రెండేళ్లకు పైగా థెరపీ ఇచ్చారు. వాళ్లంతా నాలుగేళ్లలోపు మొదలుపెట్టినవాళ్లు. అది చదివాక కడుపులో చేయి పెట్టి తిప్పినట్టయింది. మావాడికి ఏడేళ్లు వస్తున్నాయి. మూడేళ్లు చేతులారా పోగొట్టానా అని తెల్లవారేదాకా ఏడ్చాను.

ఆ భయాన్ని తీసేసింది ఒక క్లినికల్ సైకాలజిస్టు. వాడిని మళ్లీ పూర్తిగా పరీక్షించింది కూడా ఆయనే. ఆటిజం ఎంత ఉందో కొలవడానికి మన దేశంలో వాడే ఇసా అనే స్కేలు ఒకటుంది, 40 అంశాలు, ఒక్కోదానికి ఒకటి నుంచి అయిదు మార్కులు. 70 నుంచి 106 వస్తే మైల్డ్, 107 నుంచి 153 అయితే మోడరేట్, అంతకు మించితే సివియర్. మావాడికి 112 వచ్చింది. నేను నా లోవాస్ కథ చెప్పి ఏడిస్తే ఆయన మధ్యలో అడ్డుపడలేదు, అంతా విన్నారు. తర్వాత అన్నారు. "అది చిన్నపిల్లల సంగతమ్మా. స్కూలు వయసు పిల్లలకు పద్ధతి వేరు. పొద్దున లేచినప్పటి నుంచి వీడి రోజు ఎక్కడెక్కడ ఆగిపోతోందో చూస్తాం. అక్కడ మొదలుపెడతాం. దానికి లేటు అనేది లేదు." ఆ మాట పట్టుకునే నేను ఇంటికి వచ్చాను.

మంచి సెంటరు మాత్రం మొదటిసారే దొరకలేదు. పేరు చెప్పను గానీ మొదట చేరిన చోట "ఆరు నెలల్లో నార్మల్ చేసి పంపిస్తాం" అన్నారు. ఆశ ఉన్నవాళ్లకు ఆ మాట ఎంత తీపిగా ఉంటుందో నాకు తెలుసు. పదిహేను రోజుల డబ్బు ముందే కట్టాను. తల్లిదండ్రులు లోపలికి రాకూడదన్నారు. అయిదో రోజు కర్టెన్ పక్క సందులోంచి చూశాను. ఒకమ్మాయి మావాడి గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుతోంది, "లుక్ అట్ మీ, లుక్ అట్ మీ" అని. వాడు కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాడు. తలుపు తీసుకుని లోపలికి వెళ్లి ఎత్తుకుని వచ్చేశాను, కట్టిన డబ్బు అడగలేదు. ఇప్పుడు ఎవరైనా తల్లులు నన్ను అడిగితే మొదట చెప్పేది ఇదే. తలుపు మూసి చేసే చోటుకు పంపకండి. ఈ బిహేవియర్ థెరపీనే ఏబీఏ అంటారు, ఆ బోర్డు ఎవరైనా పెట్టుకుంటున్నారు. స్పెషల్ ఎడ్యుకేటరైనా, క్లినికల్ సైకాలజిస్టయినా 1992 చట్టం కింద రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకుని ఉండాలి. వాళ్లకు ఆర్‌సీఐ నంబరు ఉంటుంది. అడిగితే మొహమాటం లేకుండా చూపించేవాళ్ల దగ్గరికే వెళ్లండి. ఆ రోజుల్లోనే ఇంకొకరు స్టెమ్ సెల్ చికిత్స (మూలకణాలు ఎక్కించడం) అంటూ లక్షల్లో లెక్క చెప్పారు. ఆమోదం పొందిన ప్రయోగాల్లో తప్ప అలాంటివి చేయకూడదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాలు 2017లోనే చెప్పాయి. బంగారం తాకట్టు పెట్టేదాకా వచ్చిన నన్ను ఆపింది ఆ సైకాలజిస్టు సారే.

ఆయనే పంపిన చోట మార్చిలో చేర్చాం. చిన్న ఇల్లు, రెండు గదులు, ఒక స్పెషల్ ఎడ్యుకేటర్ మేడమ్, ఆమెకు సాయంగా ఒకమ్మాయి. వారానికి మూడు రోజులు, ముప్పావు గంట, సెషనుకు అయిదు వందలు. నేను గదిలో గోడ పక్కన కూర్చోవచ్చు.

మొదటి రెండు వారాలు మేడమ్ ఏమీ నేర్పలేదు. వాడితో కలిసి నేల మీద కూర్చుని వాడు తిప్పిన చక్రమే తిప్పేది. ఏమీ అడిగేది కాదు. డబ్బులు ఊరికే పోతున్నాయేమో అని నాకు లోపల పీకుతోంది. మూడో వారం వాడు గుమ్మం దగ్గర చెప్పులు విప్పకుండానే ఆమె దగ్గరికి పరుగెత్తాడు. అప్పుడు అర్థమైంది, ఆమె ఎదురుచూసింది దీనికే అని. తర్వాత వాడికి నిజంగా ఏది ఇష్టమో చూసింది. రెండేసి వస్తువులు ముందు పెట్టి ఏది తీసుకుంటాడో రాసుకుంది. చాక్లెట్, బంతి, ఫోను, బెలూను. అన్నిటినీ ఓడించి గెలిచింది మా ఆయన జేబులోంచి తీసిచ్చిన టికెట్ మెషీను కాగితం రోలు. దాన్ని వేళ్ల మధ్య పట్టుకుని సన్నగా చింపడం వాడికి పండగ. ఇన్నాళ్లూ నేను ఇల్లు పాడవుతోందని లాక్కుంటూ వచ్చిన వస్తువది.

ఇంటి పనిగా నాకొక నోటుబుక్కు ఇచ్చింది. పేజీకి మూడు గడులు. ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, ఆ వెంటనే మనమేం చేశాం. పది రోజులు రాయమంది. ఇంకేమీ మార్చొద్దు, రాయండి చాలు అంది. ఆ బుక్కు ఇప్పటికీ బీరువాలో ఉంది. మొదటి పేజీలో ఇలా ఉంటుంది:

"ఉదయం 7:45. షూ తొడుగుతున్నాను. కేకలు, కొరుక్కున్నాడు. షూ పక్కన పెట్టి ఎత్తుకున్నాను."

"సాయంత్రం 6:10. పది కూడికలు రాయమన్నాను. మూడోదానికి కొరుక్కున్నాడు. పుస్తకం మూసేసి నీళ్లిచ్చాను."

"రాత్రి 8:20. అత్తమ్మ మిక్సీ వేసింది. చెవులు మూసుకున్నాడు, కొరుక్కున్నాడు. మిక్సీ ఆపాం."

అత్తమ్మకు ఇది అసలు నచ్చలేదు. "ఏందిమే అది, పిల్లోడు ఏడుస్తా ఉంటే నువ్వు టైము చూసి రాసుకుంటా కూర్చుంటావా?" అంది. ఆమె బాధ నాకు తెలుసు. వాళ్ల మామయ్యకూ అయిదేండ్లకు గానీ మాటలు రాలేదని, వీడికీ అన్నీ అవే వస్తాయని ఆమె నమ్మకం. నేను ఎదురు చెప్పలేదు, రాస్తూనే ఉన్నాను.

పది రోజులకు 31 సార్లు అయ్యాయి. మేడమ్ ఆ పేజీలు నా ముందుకే తిప్పి, "మూడో గడి ఒక్కటే పైనుంచి కిందికి చదవండమ్మా" అంది. చదివాను. పక్కన పెట్టాను. మూసేశాను. ఆపాం. తీసేశాను. వదిలేశాను. 31లో 19 సార్లు అదే. ఇంకో 6 సార్లు శబ్దం. మిగతావి కలగాపులగం. నోరు పెగల్లేదు. వాడికి చేయి కొరుక్కోవడం అంటే 'ఇంక చాలు' అని చెప్పడం. నేను ప్రతిసారీ దానికి జవాబిస్తూ వచ్చాను. అలా అడిగితేనే అమ్మ వింటుందని వాడు నేర్చుకున్నాడు. మూడేళ్లుగా మొండితనం అన్నాం, పొగరు అన్నాం, దిష్టి అన్నాం, ఎర్రనీళ్లు తీసి పోశాం. మేడమ్ నా చేయి పట్టుకుని, "తప్పు మీది కాదు. వాడి దగ్గర వేరే మాట లేదు, మీకు ఇంకో దారి తెలియదు. ఇప్పుడు వాడికి ఆ మాట ఇద్దాం" అంది.

శబ్దాల సంగతి మాత్రం వేరుగా చూడమంది. అది పని తప్పించుకోవడం కాదు, వాడి చెవికి నిజంగా నొప్పి. మిక్సీ వేసే ముందు చెప్పి వాడిని మిద్దె మీదికి పంపడం, చెవులకు శబ్దం తగ్గించే మఫ్ పెట్టడం. ఓర్చుకోవాలని పట్టుబట్టొద్దు అంది. కొరుకుడు ఒకటే అయినా కారణాలు రెండు. రాసి చూడకపోతే ఈ తేడా నాకు ఈ జన్మకు తెలిసేది కాదు.

ఇచ్చిన మాట ఒక పసుపు కార్డు. అరచేయి బొమ్మ, కింద పెద్ద అక్షరాలతో 'చాలు'. బల్ల మీద వాడికి వచ్చిన కూడికలే రెండు పెట్టేది. రెండోది అయిన క్షణంలో, వాడికి చిరాకు మొదలవకముందే, వెనక కూర్చున్న అమ్మాయి వాడి చేయి పట్టుకుని కార్డు తీయించి మేడమ్ చేతిలో పెట్టించేది. మేడమ్ "చాలు! సరే" అని కాగితం వెంటనే తీసేసేది. ఒక నిమిషం రోలు కాగితం. మళ్లీ రెండు కూడికలు. ఒక సెషనులో పది, పన్నెండు సార్లు. వెనక ఉన్న అమ్మాయి నోరు విప్పకూడదు. మొదట చేయి మొత్తం పట్టుకునేది, తర్వాత మణికట్టు, తర్వాత మోచేతిని ఊరికే తాకేది.

కార్డు మొదలుపెట్టాక పదకొండో సెషను. ఆ రోజు ఎండ మండిపోతోంది, కరెంటు పోయి ఫ్యాను లేదు. వాడు ముందే చిరాగ్గా ఉన్నాడు. మొదటి కూడిక రాశాడు. రెండోదానికి పెన్సిల్ పడేశాడు. కుడిచేయి పైకి లేచింది, నోటి వైపు వెళ్తోంది. నేను గోడ పక్కన ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. చేయి గడ్డం దగ్గరికి వచ్చి ఆగింది. వాడు కార్డు వైపు చూశాడు. వేళ్లతో తీయడానికి ఓపిక లేనట్టుంది, అరచేత్తో బల్ల మీద నుంచి మేడమ్ వైపు నెట్టాడు. వెనక ఉన్న అమ్మాయి చేతులు ఒళ్లోనే ఉన్నాయి. మేడమ్ "చాలు! సరే" అంది. ఆమె గొంతు కూడా వణికింది.

నాకొక సందేహం ఉండేది. ప్రతిసారీ చాలు అని కార్డిస్తే వాడు చదువుకునేదెప్పుడు? అడిగాను. ముందు ఆ మాటకు విలువ ఉందని వాడికి నమ్మకం కుదరాలి, అడిగిన ప్రతిసారీ ఇవ్వాలి అంది. ఆ నమ్మకం కుదిరాక "ఇంకొక్కటి, ఆ తర్వాత చాలు" మొదలుపెట్టింది. వాడికి బస్సు బొమ్మల చార్టు ఒకటి చేసింది. ఒక్కో పనికి ఒక బస్సు అతికించాలి, అయిదు బస్సులైతే రోలు. ఆగస్టుకల్లా ఒక్క కూర్చోవడంలో ఎనిమిది కూడికలు చేశాడు.

అంతా ఇలా సాఫీగా సాగలేదు. గోవిందరాజస్వామి గుడి ముందు బజారులో బొమ్మ బస్సు కనిపిస్తే వాడు నేల మీద పడుకునేవాడు, మేము కొనిచ్చేవాళ్లం. ఇంట్లో అలాంటివి పద్నాలుగు ఉన్నాయి. ఇక అరిస్తే కొనకూడదని నిర్ణయించుకున్నాం. బయల్దేరే ముందే బొమ్మల కాగితం చూపించి, ఈరోజు బస్సు లేదు, జామకాయ ఉంది అని చెప్పాం. మేడమ్ ముందే హెచ్చరించింది, తగ్గే ముందు ఒకసారి బాగా పెరుగుతుంది, మధ్యలో లొంగితే ఇంకా గట్టిగా అరవాలని నేర్పినట్టే అని. మొదటి రోజు 35 నిమిషాలు. తల నేలకు కొట్టుకోకుండా నా ఒడి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. చుట్టూ జనం. ఒకావిడ "అంత ఏడుస్తా ఉంటే కొనీయకూడదా, ఏం తల్లివమ్మా" అంది. మా ఆయన చేయి జేబులోకి వెళ్లింది, నేను తల అడ్డంగా ఊపాను. ఇంటికొచ్చి ఇద్దరం అన్నం తినలేదు. తర్వాతిసారి ఇరవై నిమిషాలు. నాలుగోసారి వాడు బస్సు వైపు చూసి, కాగితంలో జామకాయ మీద వేలు పెట్టాడు.

మేము అడిగి తెలుసుకున్న ఇంకో సంగతి చెప్పాలి. ఆటిజంతోనే పెరిగి పెద్దవాళ్లైనవాళ్లు చాలామంది ఈ థెరపీని తప్పుపడుతున్నారు. బలవంతంగా కళ్లలోకి చూడమనడం, చేతులు ఊపితే ఆపించడం, వెనకటి రోజుల్లో అయితే కొట్టడం కూడా, ఇవన్నీ తమను గాయపరిచాయని చెబుతున్నారు. అది చదివాక నాకు ఆ మొదటి సెంటరు గుర్తొచ్చింది. మేడమ్‌ను నేరుగా అడిగాను. ఆమె ఏం నేర్పబోతోందో రాసిన కాగితం నా చేతిలో పెట్టింది. అందులో కళ్లలోకి చూడటం లేదు. సంతోషం వస్తే మావాడు రెండు చేతులూ రెక్కల్లా ఆడిస్తాడు. అది అలాగే ఉండనిమ్మంది. షూ తొడుక్కోవడం, బాత్రూముకు అడగడం, వంతు కోసం ఆగడం, చాలు అనడం, ఇవే ఉన్నాయి. నా మనసుకు నచ్చింది కూడా ఇవే. వాడు ఇంకొకరిలా కనిపించడం నాకు అక్కర్లేదు, వాడికి కావలసింది వాడు అడగగలిగితే చాలు.

జూన్‌లో మున్సిపల్ స్కూల్లో చేర్చాం. పాత స్కూలు టీసీ ఇచ్చి పంపినప్పుడు నాకు తెలియని సంగతి ఒకటుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా ఉంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ స్కూలూ వైకల్యం పేరుతో పిల్లవాడిని కాదనకూడదు. ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా, వైకల్యం నలభై శాతం, ఆపైన ఉందని సర్టిఫికెట్ ఉన్న పిల్లలకు చదువు ఉచితం. సచివాలయంలో సదరం (వైకల్యాన్ని పరీక్షించే ప్రభుత్వ శిబిరం) స్లాటు బుక్ చేసుకుని సర్టిఫికెట్ తీసుకున్నాం. అది ఉంటే కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య ఇన్సూరెన్సు ఏడాదికి లక్ష దాకా వస్తుంది, థెరపీ బిల్లులు కూడా అందులో పెట్టుకోవచ్చు. నెలకు ఆరు వేలు కట్టే మాకు అది పెద్ద ఊరట.

కొత్త స్కూల్లో టీచరమ్మ మొదట భయపడింది. "నలభై మంది ఉన్నారు, నేనొక్కదాన్ని" అంది. అబద్ధం కాదు. ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రం నుంచి ప్రత్యేక ఉపాధ్యాయుడు వచ్చి రెండు పూటలు ఆమె పక్కన కూర్చున్నాడు. గంట మోగే వైపు కాకుండా కిటికీ పక్కన సీటు, బోర్డు మీద ఆరోజు పీరియడ్ల బొమ్మలు, లెక్కలు రెండేసి. పసుపు కార్డు ఐడీ కార్డు తాడుకే తగిలించాం. నెల తిరక్కముందే వాడి పక్కన కూర్చునే పాప మాకంటే బాగా నేర్చుకుంది. "టీచర్, చాలు చూపిస్తా ఉండాడు" అని ఆమే చెప్పేస్తుందట. చేరినప్పటి నుంచి ఏడు నెలల్లో స్కూల్లో కొరుక్కోవడం నాలుగు సార్లు జరిగింది. నాలుగూ ఫైరింజను, డప్పుల లాంటి శబ్దాలకే.

తలనీలాల మొక్కు మాత్రం ఇంకా తీరలేదు. కొండ మీద గుండు చేయిస్తానని అత్తమ్మ వాడు కడుపులో ఉన్నప్పుడే మొక్కుకుంది, నీళ్లు తలకు తగిలినా, కత్తి అంచు తగిలినా వాడు తట్టుకోలేడు. ఇప్పుడు రోజూ రాత్రి తడి గుడ్డతో తల తుడవడం దాకా వచ్చాం. తొందరేమీ లేదు, స్వామి ఎక్కడికీ పోడని ఈ మధ్య అత్తమ్మే అంటోంది.

మొన్న దీపావళి తర్వాత ఒక రాత్రి. అత్తమ్మ వాడికి రాగిసంగటి, పప్పు కలిపి తినిపిస్తోంది. వాడి పొట్ట ఎప్పుడు నిండిందో ఆమె ఏ రోజూ పట్టించుకోదు, ఇంకో ముద్ద, ఇంకో ముద్ద అంటూ నోటి దగ్గర పెడుతూనే ఉంటుంది. వాడు మొహం తిప్పుకుంటే గడ్డం పట్టుకుంటుంది. నేను వంటింట్లోంచి చూస్తున్నాను. వాడు మెడలో ఉన్న కార్డు తీసి ఆమె ముద్ద పట్టుకున్న చేతికి ఆనించాడు. "చా...లు" అన్నాడు. కార్డుకు సంగటి అంటుకుంది. అత్తమ్మ చేయి గాల్లోనే ఆగిపోయింది. నా వైపు చూసింది, వాడి వైపు చూసింది, ముద్ద పళ్లెంలో పెట్టేసింది. "సరే నాయనా, చాలు" అంది.

తర్వాత చేయి కడుక్కుని వచ్చి, "ఆ బుక్కు యాడుండాది మే, దీన్ని రాయవా?" అని అడిగింది. తీసి ఆమె చెప్పినట్టే రాశాను. "రాత్రి 7:40. అవ్వ ముద్ద పెడతా ఉండింది. చాలు అన్నాడు. అవ్వ ఆపేసింది."